టేపు ఒక్కటే ఉంటే క్రాస్ ప్లాటు మూలల కోణాలు తీయడం

మీ ప్రశ్న: తిరుచానూరు రోడ్డు వైపు ప్లాటు, కాగితంలో 30 × 50 అడుగులు. ఎదురెదురు భుజాలు సమానంగానే ఉన్నాయి, కానీ తూర్పున రోడ్డు ఏటవాలుగా పోవడంతో మూలలు మూలమట్టానికి, అంటే 90 డిగ్రీలకు, లేవు. చేతిలో టేపు మాత్రమే ఉంది. నాలుగు మూలల కోణాలు ఎట్లా తీయాలి, పదో తరగతి త్రికోణమితితో పని జరుగుతుందా అని.

జరుగుతుంది. అయితే భుజాలు ఎన్నిసార్లు కొలిచినా కోణం బయటపడదు. బోల్టులు వదులైన మంచం ఫ్రేములాగా అవే నాలుగు భుజాలతో ఎంత వంపైనా వస్తుంది. వంపు ఎంతో చెప్పేది కర్ణం, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరం. కాబట్టి రెండు కర్ణాలూ కొలవండి, ఒకటి కొలిచి ఆపొద్దు.

లెక్క చూపించడానికి ఒక కొలత అనుకుందాం. ఈశాన్యం నుంచి నైరుతికి 64 అడుగుల 7 అంగుళాలు, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి 51 అడుగుల 3 అంగుళాలు. ముందు అంగుళాలను దశాంశాల్లోకి మార్చండి. 3 అంగుళాలంటే 0.25 అడుగు, 7 అంగుళాలంటే 0.583. చాలామంది 51.3 అని, 64.7 అని కొట్టేస్తారు, లెక్క అక్కడే చెడుతుంది.

తర్వాత ఒక తనిఖీ. సమాంతర చతుర్భుజంలో రెండు కర్ణాల వర్గాల మొత్తం, రెండు ఆసన్న భుజాల వర్గాల మొత్తానికి రెట్టింపు ఉండాలి. ఇక్కడ 2 × (900 + 2500) = 6800. మన కర్ణాలు 2626.6 + 4171.0 = 6797.6. తేడా అర అంగుళం లోపు కొలత దోషంతో వచ్చేదే, వదిలేయొచ్చు. ఇదే 6700 అనో 6900 అనో వస్తే కోణం జోలికి పోవద్దు. టేపు ఎక్కడో తప్పింది, లేదా హద్దు రాయి జరిగి ఆ ప్లాటు సమాంతర చతుర్భుజమే కాదు.

ఇప్పుడు కోణం. పెద్ద కర్ణం వర్గంలోంచి చిన్న కర్ణం వర్గం తీసేసి, రెండు భుజాల లబ్ధానికి నాలుగు రెట్లతో భాగించండి. (4171.0 − 2626.6) ÷ (4 × 30 × 50) = 1544.4 ÷ 6000 = 0.2574. ఇది లఘుకోణం తాలూకు కాస్ విలువ. కాస్ ఇన్వర్స్ కొడితే 75.1 డిగ్రీలు. ఫోన్ కాలిక్యులేటర్ 1.31 అని చూపిస్తే అది రేడియన్‌లో ఉందని, డిగ్రీకి మార్చుకోండి. పెద్ద కర్ణం ఎప్పుడూ లఘుకోణాల మధ్యే పోతుంది కాబట్టి ఈశాన్యం, నైరుతి 75.1. వాయవ్యం, ఆగ్నేయం 180లోంచి తీస్తే 104.9. ఈశాన్యం పెరిగిందని సంతోషించేవాళ్లకు చిన్న మాట: ఈ ఆకారంలో నైరుతి కూడా అంతే పెరుగుతుంది, వాస్తు సిద్ధాంతి ఏమన్నా సరే.

పైన వాడింది కొసైన్ సూత్రం నుంచి వచ్చిందే, పదో తరగతి పిల్లలకు అది రాదు కదా అంటారేమో. వాయవ్యం నుంచి 50 అడుగుల దక్షిణ హద్దు మీదికి లంబం దించండి. నైరుతి నుంచి లంబ పాదం దాకా దూరం తెలియదు, దాన్ని ‘దూరం’ అనుకుందాం. లంబం వర్గం ఒక త్రిభుజంలో 900 − దూరం², ఇంకో త్రిభుజంలో 2626.6 − (50 − దూరం)². రెండూ సమానం చేస్తే దూరం² కొట్టుకుపోయి 100 × దూరం = 3400 − 2626.6 మిగులుతుంది. దూరం 7.73 అడుగులు, కాస్ విలువ 7.73 ÷ 30 = 0.258. ఒక్క కర్ణంతోనే చేశాం కాబట్టి మూడో అంకెలో చిన్న తేడా, కోణం మాత్రం అదే 75.1. పైథాగరస్ రెండుసార్లు వాడడం తప్ప ఇందులో కొత్తదేం లేదు.

మీ రెండో సందేహం, కర్ణం మూలను సగం చేస్తుందా అని. చేయదు. నాలుగు భుజాలూ సమానమైతేనే చేస్తుంది. ఇక్కడ నైరుతిలోని 75 డిగ్రీలను పెద్ద కర్ణం దాదాపు 26.7గా, 48.4గా చీలుస్తుంది, 50 అడుగుల హద్దు పక్కన ఉండేది చిన్న ముక్క. సగం అనుకుని 37.5 వేస్తే 11 డిగ్రీల తప్పు. ఈ ముక్కలకు సైన్ సూత్రం (త్రిభుజంలో ప్రతి భుజాన్నీ దాని ఎదుటి కోణం సైన్‌తో భాగిస్తే ఒకే విలువ వస్తుంది) సులువు, కానీ దాంతో గురుకోణం మాత్రం తీయొద్దు. 75కీ 105కీ సైన్ విలువ ఒకటే, కాలిక్యులేటర్ ఎప్పుడూ 75 అనే చెబుతుంది. వైశాల్యంలోంచి కోణం తీసేవాళ్లూ ఇక్కడే పడిపోతారు.

కొందరు మూల దగ్గర అటు 3 అడుగులు, ఇటు 3 అడుగులు గుర్తు పెట్టి అడ్డం కొలిచి కోణం తీస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. అడ్డం కొలతలో ఒక్క అంగుళం తేడా వస్తే కోణం 2 డిగ్రీలు మారుతుంది. పూర్తి చిన్న కర్ణంలో అదే అంగుళం డిగ్రీలో ఆరో వంతు మాత్రమే మారుస్తుంది. కంప, మట్టికుప్ప అడ్డముంటే తీయించి పూర్తి కర్ణమే పట్టండి. స్టీలు టేపు వాడండి, గుడ్డ టేపు సాగుతుంది. టేపు నేలబారుగా కాకుండా మట్టంగా పట్టాలి. అలిపిరి వైపు కొండ పాదంలో నేల వాలు ఉంటుంది. 50 అడుగుల్లో 3 అడుగులు దిగితే నేల మీద పట్టిన కొలత అంగుళం పైన ఎక్కువ చూపిస్తుంది.

కోణం తెలిశాక డబ్బు లెక్క కూడా చూసుకోండి. 30 × 50 అంటే 1500 చదరపు అడుగులు, మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి 41.67 అంకణాలు. అసలు వైశాల్యం 1500 × సైన్ 75.1, అంటే సుమారు 1449, 40¼ అంకణాలు. అంకణం రేటు మీద కొంటుంటే ఆ 1.4 అంకణాల సంగతి అడ్వాన్సు ఇచ్చేముందే తేల్చుకోవాలి.

మేస్త్రీకి చెప్పాల్సింది రెండు ముక్కలు. ఇల్లు 90 డిగ్రీల మూలలతోనే కావాలంటే హద్దుల మధ్య పట్టే దీర్ఘచతురస్రం సుమారు 42¼ × 29 అడుగులు, రెండు చివర్ల త్రిభుజాలు ఖాళీగా మిగులుతాయి. ఇక ఏటవాలు హద్దు నుంచి 3 అడుగులు వదలమంటే అది లంబంగా 3 అడుగులు. దక్షిణ హద్దు వెంబడి టేపు పట్టి కొలిస్తే 3 ÷ సైన్ 75.1, అంటే 3 అడుగుల 1¼ అంగుళం దగ్గర గుర్తు పెట్టాలి.