ముందు ఓడ పేరు పట్టుకో

నాయనా,

మీ నాయనమ్మ వాళ్ల నాన్న 1942లో ఓడ మీద కళాసీగా వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. మా మేనమామ కోసం ఏడేళ్లు వెతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, మనిషి పేరుతో బయల్దేరకు. ముందు ఓడ పేరు పట్టుకో. ఎవరు ఎక్కారు, ఏ పనికి ఎక్కారు, ఎక్కడ దిగారు అన్న కాగితాలన్నీ ఓడ లెక్కలోనే ఉండేవి.

అందుకే ముందు ఇంట్లో పాత ట్రంకుపెట్టెలు దించు. మాకు ఆధారం దొరికింది ఒక మనియార్డరు కూపన్ ముక్కలో. మా అత్త దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పటం వెనక పెట్టుకుంది. సిరా వెలిసిపోయింది, ఒక మూల చెదలు తిన్నాయి, అయినా వెలుతురుకి అడ్డం పట్టి చూస్తే ఓడ పేరులో నాలుగు అక్షరాలు కనిపించాయి. ఆ నాలుగు అక్షరాలే మమ్మల్ని గట్టెక్కించాయి.

తర్వాత యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతుకు, డబ్బు కట్టక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో సముద్రంలో పోయిన మన నేవీ వాళ్లు, సరుకు ఓడల వాళ్లు 6,000కు పైగా మంది పేర్లు బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాల కింద ఉంటాయి. చాలామందికి తండ్రి పేరు, ఊరు కూడా రాశారు. కానీ స్పెల్లింగ్‌ని నమ్మకు. మన పేర్లని దొరల గుమస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు, ఇంటిపేరు చాలాసార్లు ఎగిరిపోతుంది. ఊళ్లూ అంతే, విశాఖపట్నాన్ని వైజాగపటం అని, కాకినాడని కోకనాడ అని, భీమిలిని బిమ్లిపటం అని వెతకాలి. ఒక ఆఫీసులో నన్ను రెండు రోజులు కూర్చోబెట్టి అలాంటి పేరే లేదని పంపేశారు, ఏడాది తర్వాత అదే పేరు వేరే స్పెల్లింగ్‌తో దొరికింది. ఆ రోజు బస్సులో ఎంత ఏడ్చానో.

ఓడ ఎప్పుడు, ఎక్కడ మునిగిందో చూడు. 1942లో మన పక్క సముద్రమే యుద్ధరంగం. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి, ఆ రోజే బంగాళాఖాతంలో ఎన్నో సరుకు ఓడలు మునిగాయి. అదే ఏడాది నవంబర్ 23న బొంబాయి నుంచి ఆఫ్రికా వెళ్తున్న తిలావా అనే ఓడని జపాన్ జలాంతర్గామి ముంచేస్తే 280 మంది పోయారు, 678 మంది బతికారు. అంటే ఓడ మునిగిందని తెలియగానే మనిషి పోయాడని రాసేసుకోకు. చావు తేదీ ఓడ మునిగిన రోజుకి కొన్నాళ్ల తర్వాత ఉంటే లైఫ్‌బోట్‌లోనో ఆసుపత్రిలోనో పోయి ఉండొచ్చు, అప్పుడు ఎక్కడో సమాధి కూడా ఉండొచ్చు. జర్మన్లకి చిక్కిన కళాసీలు జర్మనీలో మిలాగ్ నార్డ్ అనే ఖైదీల క్యాంపులో ఉండేవారు. అలాంటి అనుమానం ఉంటే జెనీవాలోని రెడ్‌క్రాస్‌కి రాయి.

లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ కాలపు సిబ్బంది ఒప్పందాలు బీటీ 381 అనే వరసలో ఉన్నాయి. అవి ఓడ పేరుతో కాదు, ఓడకి రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన అఫీషియల్ నంబర్‌తో సర్ది ఉంటాయి, ఆ నంబర్ ఓడల వివరాలుండే లాయిడ్స్ రిజిస్టర్ పాత సంపుటాల్లో దొరుకుతుంది. కాపీలకి ఖర్చవుతుంది, అయినా తెప్పించు.

రెండు కాగితాలు ఒకే మాట చెప్పేదాకా నాయనమ్మకి ఏమీ చెప్పకు. ఆ వయసులో ఆశపెట్టి మళ్లీ కాదనడం చాలా పాపం. మా అత్త శవాన్ని చూడనిదే నమ్మనని చివరిదాకా బొట్టు తీయలేదు. ఆవిడ పోయాక మేం మామయ్యకి మహాలయ అమావాస్య నాడు తర్పణం వదిలేవాళ్లం, తిథి తెలియదు కాబట్టి. తేదీ దొరికిన ఏడాది పాత పంచాంగం తీయించి తిథి చూపించుకుని మొదటిసారి ఆయన పేరున తద్దినం పెట్టాం. నీకు తేదీ దొరికితే ఏ వేళయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదతాత