ఆసియా, యూరప్ ప్రజా సంఘాలు కలిస్తే ఏమైనా ఒరుగుతుందా?

ఈ రెండు ఖండాల సంఘాలు కలిస్తే మీటింగులు, ఫొటోలు తప్ప ఏముంది అని కొందరు అడుగుతుంటారు. చాలాసార్లు అంతే, కాదనను. కానీ రాణా ప్లాజా సంగతి వేరు.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా దగ్గరి సవార్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే పగుళ్లు కనిపించాయి. అదే భవనంలోని బ్యాంకు తన ఉద్యోగులను ఇంటికి పంపేసింది. కుట్టుపనివాళ్లను మాత్రం మర్నాడు లోపలికి రమ్మన్నారు.

అక్కడ మా బట్టలు కుట్టించడం లేదని కొన్ని యూరప్ బట్టల కంపెనీలు బుకాయించాయి. అప్పుడు పనికొచ్చినవి శిథిలాల్లో దొరికిన, ఆ కంపెనీల పేర్లున్న లేబుళ్లు! బంగ్లాదేశ్ కార్మిక సంఘాలు సాక్ష్యాలు పోగేస్తే, నెదర్లాండ్స్‌లో పుట్టిన, బట్టల కార్మికుల హక్కుల కోసం పనిచేసే క్లీన్ క్లోత్స్ క్యాంపెయిన్ లాంటి సంఘాలు యూరప్‌లో ఆ కంపెనీలను నిలదీశాయి. నెల తిరక్కుండానే బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య 'అకార్డ్' అనే ఫ్యాక్టరీల భద్రతా ఒప్పందం కుదిరింది. క్రమంగా 200కు పైగా బ్రాండ్లు చేరాయి.

ఇది ఉత్తుత్తి హామీ కాదు, చట్టపరంగా కట్టుబడాల్సిందే. మాట తప్పారంటూ 2016లో రెండు బ్రాండ్లపై అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తుల తీర్పు కోసం) వెళ్లాయి. రెండూ రాజీకొచ్చాయి. అందులో ఒకటి ఫ్యాక్టరీల మరమ్మతులకు ఇరవై లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది.

అయితే ఈ ఒప్పందం భద్రత వరకే. జీతాల జోలికి పోలేదు.