‘ఫీవర్ 1793’ చదివించాలంటే దోమతో మొదలుపెట్టండి

మీ అమ్మాయికి స్కూల్లో ‘ఫీవర్ 1793’ (1793లో అమెరికాలోని ఫిలడెల్ఫియాను ఎల్లో ఫీవర్ కుదిపేసినప్పటి కథ) నవల ఇచ్చారనీ, పేర్లూ తేదీలూ బట్టీ పడుతోంది గానీ కథ బుర్రకెక్కడం లేదనీ రాశారు. పోయినేడాది మా అక్క కూతురితో ఇదే పుస్తకం చదివాను, విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా డాబా మీద కూర్చుని. మొదటివారం మాదీ ఇదే గొడవ. పాత్రల పట్టిక, చాప్టర్ల సారాంశం అన్నీ రంగు పెన్నులతో రాసేసింది. “కథ చెప్పే పద్నాలుగేళ్ల మ్యాటీ ఎందుకు భయపడుతోందే?” అంటే మాత్రం నోరు మెదపదు.

దారి అనుకోకుండా దొరికింది. నవల మొదటి వాక్యంలోనే మ్యాటీ చెవి దగ్గర దోమ రొద పెడుతుంది. తర్వాత కూడా దోమలు అక్కడక్కడా కనిపిస్తాయి, ఎవరూ పట్టించుకోరు. ఎల్లో ఫీవర్‌కి కారణం దోమేనని అప్పటి ఫిలడెల్ఫియాలో ఎవరికీ తెలియదు మరి. రేవులో కుళ్లిన కాఫీ గింజల కంపు వల్ల వచ్చిందని ఊళ్లో పెద్ద పేరున్న డాక్టర్ బెంజమిన్ రష్ అంతటివాడే నమ్మాడు. క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే దోమను అనుమానించింది 1881లో, అమెరికా సైన్యం డాక్టర్ వాల్టర్ రీడ్ బృందం రుజువు చేసింది 1900లో. చదివే పిల్లకు తెలుసు, కథలో పిల్లకు తెలియదు. నవల పట్టంతా అక్కడే ఉంది.

అందుకని నోట్స్ మానిపించి, పేజీ మధ్యలో ఒక గీత గీయించాను. ఎడమవైపు మ్యాటీ కంటికి కనిపించింది, కుడివైపు ఊరి జనం అనుకున్నది. అంతే.

పుస్తకం సగంలో ఉండగా మా పిల్లకే డెంగీ వచ్చింది! ఎల్లో ఫీవర్‌ని మోసే ఏడిస్ ఈజిప్టి దోమే దీన్నీ మోస్తుంది. రోజూ ప్లేట్‌లెట్ల టెస్టు, ఇంట్లో అందరికీ టెన్షన్. పక్కింటావిడ బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చింది. అంత నీరసంలోనూ ఇది నవ్వింది: “పిన్నీ, కథలో వాళ్లు వెనిగర్ వాసన చూశారు, వెల్లుల్లి నమిలారు. నాకేమో ఇది!” కోలుకున్నాక రక్తం తీసే వైద్యం ఉన్న పేజీలు తనే మళ్లీ తిరగేసింది. రష్ రోగుల రక్తం తీసి, విరేచనాల మందు ఇచ్చేవాడు. బుష్ హిల్ ఆసుపత్రిలో ఫ్రెంచి డాక్టర్లు విశ్రాంతి, మంచి గాలి, తాగడానికి ద్రవాలు చాలన్నారు. “నాకూ అదేగా చేశారు” అంది.

మ్యాటీ వాళ్ల కాఫీ హౌస్‌లో వంట చేసే నల్లజాతి స్త్రీ ఎలైజా వచ్చే భాగాలు మాత్రం తొందరపడకుండా చదివించండి. నల్లవాళ్లకు ఈ జ్వరం రాదని రష్ చెప్పాడు, అది తప్పు. నల్లవాళ్ల సంఘమైన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ వాళ్లు రోగులకు సేవ చేశారు, శవాలు మోశారు, వాళ్లలోనూ చనిపోయారు. అయినా డబ్బు గుంజారని ఆ ఊరి ప్రచురణకర్త మాథ్యూ కేరీ నింద వేశాడు. ఆ సంఘం పెట్టిన అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ అలెన్ 1794లో పుస్తకం అచ్చువేసి జవాబు చెప్పారు. ఇది చదివి మా పిల్ల, 2020లో కరోనాప్పుడు మా అపార్ట్‌మెంట్‌వాళ్లు చెత్త తీసుకెళ్లే ఆవిడను లిఫ్ట్ ఎక్కనివ్వని సంగతి ఎత్తింది. నేను మర్చిపోయాను, అది మర్చిపోలేదు.

అప్పటి ఫిలడెల్ఫియాలో సుమారు 50,000 మంది, జ్వరంతో పోయినవాళ్లు సుమారు 5,000. ఈ అంకెలు బట్టీ పట్టించకండి, మీ వీధిలో పదిమందికి ఒకరు చొప్పున లెక్కపెట్టమనండి. చలి మొదలవగానే ఊళ్లో జ్వరం తగ్గిపోవడమేంటన్నది విశాఖ పిల్లలకు ఒక పట్టాన అర్థం కాదు. లంబసింగి చలి గుర్తుచేసి, అంతకన్నా ఎక్కువ చలిలో దోమలు చస్తాయని చెప్పాను. చాప్టర్ల మొదట్లో ఉండే పాతకాలపు ఉత్తరాల, పుస్తకాల ముక్కలు మొదటిసారి వదిలేసినా ఫర్వాలేదు, రెండోసారి చూసుకోవచ్చు.

ఒక్కటి గుర్తుంచుకోండి. మ్యాటీ తాతయ్య గురించిన చాప్టర్లు పరీక్ష ముందురోజు రాత్రికి పెట్టుకోకండి. మేం పెట్టుకున్నాం. మా పిల్ల పుస్తకం మూసేసి, వాళ్ల తాతయ్యకు ఫోన్ కలిపేదాకా ఊరుకోలేదు, రాత్రి పదిన్నరకి.