క్లిప్పర్ కొనే ముందు బ్లేడ్ల సంగతి చూసుకో

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ వెల్ష్ కాబ్‌ గుర్రానికి ఈ అక్టోబరులో మొదటిసారి, క్లిప్పర్ అనే కత్తిరింపు యంత్రం కొని నీ చేతులతోనే బొచ్చు తీయాలనుకుంటున్నావనీ, అందుకు 200 పౌండ్లకు మించి పెట్టలేననీ రాసిన ఉత్తరం అందింది. ఇంగ్లండులో ఇన్నేళ్లుగా గుర్రాలను సాకుతున్నవాడిగా నేను ముందు చెప్పేది ఒక్కటే. యంత్రం ధర అడగకముందే దానికి ఏ బ్లేడ్లు పడతాయో, అవి మీ దగ్గర దొరుకుతాయో లేదో, వాటికి సాన పట్టేవారెవరో కనుక్కో.

నేను మొదటిసారి కొన్నప్పుడు ఈ సంగతి తెలియక, చవకగా వస్తోందని ఊరూపేరూ లేని యంత్రాన్ని తెప్పించుకున్నాను. ఒక శీతకాలం బాగానే నడిచింది కానీ, బ్లేడ్లు మొద్దుబారాక వాటికి సరిపడే జత ఎక్కడా దొరకలేదు. అయినా పని ఆపకుండా వాటితోనే తీయబోతే బొచ్చు తెగకుండా పీక్కుపోయింది. అంతవరకు రాయిలా నిలబడిన నా ముసలి గుర్రం ఆ తరువాత రెండేళ్లపాటు క్లిప్పర్ చప్పుడు వింటేనే బెదిరిపోయేది. దానికి ఆ నొప్పి కలిగించానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

బ్రిటన్‌లో లిస్టర్, లివరీమ్యాన్ వంటి కంపెనీల పెద్ద క్లిప్పర్లలో చాలావాటికి ఏ2 అనే రకం బ్లేడు పడుతుంది, సాన పట్టేవాళ్లందరికీ అది అలవాటే. ఆండిస్, ఆస్టర్, వాల్ కంపెనీల చిన్న యంత్రాలకు పట్టే ఏ5 బ్లేడ్లు ముఖానికీ కాళ్లకూ చక్కగా సరిపోతాయి గానీ, వాటి వెడల్పు తక్కువ కాబట్టి కాబ్‌కు పెరిగే దట్టమైన బొచ్చును ఒళ్లంతా తీయబోతే పని సాగదు, బ్లేడు త్వరగా వేడెక్కుతుంది. నీకు ఏ2 పట్టే యంత్రమే తగినది. కొత్తది నీ డబ్బుకు అందకపోతే, క్లిప్పర్లు మరమ్మతు చేసే దుకాణంలో సర్వీసు చేసి అమ్మే పాతది తీసుకో. మిగిలిన డబ్బుతో బొచ్చును మధ్యరకంగా కత్తిరించే మీడియం బ్లేడ్లు రెండు జతలు కొను, ఎందుకంటే పని సగంలో ఉండగా ఒక జత మొద్దుబారితే గుర్రాన్ని అలాగే వదిలేయవలసి వస్తుంది.

మీ గుర్రపుశాలలో కరెంటు ఉందన్నావు కనుక బ్యాటరీ క్లిప్పర్‌కు ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. అయితే లీకేజీ వస్తే వెంటనే కరెంటు ఆపేసే ఆర్‌సీడీ లేకుండా మాత్రం ప్లగ్గు పెట్టకు. డాలస్ నుంచి మీ అన్నయ్య పంపిస్తానన్నది వద్దని చెప్పు, అక్కడి యంత్రాలు 120 వోల్టులకు చేసినవి, ఇక్కడ వచ్చేది 230. కొనేముందు యంత్రాన్ని చేతిలోకి తీసుకుని, గుర్రం మెడ ఎత్తున కొన్ని నిమిషాలు పట్టుకుని చూడు. పిడి నీ గుప్పిటకు లావైతే ఎంత మంచిదైనా నీకు పనికిరాదు.

మొదటి ఏడాది మెడ కింది భాగం, రొమ్ము, పొట్ట, డొక్కల వరకు తీసే ట్రేస్ క్లిప్ చాలు. గుర్రాన్ని ముందురోజే కడిగి బాగా ఆరబెట్టు, ఎందుకంటే మట్టి ఉన్న బొచ్చు ఎంత ఖరీదైన బ్లేడునైనా పాడుచేస్తుంది. పది నిమిషాలకొకసారి ఆపి నూనె వేసి, బ్లేడును నీ మణికట్టుకు ఆనించి చూడు, చురుక్కుమంటే చల్లారేదాకా ఆగు. గుర్రం మోచేయి దగ్గర ముడతలు పడే చర్మాన్ని చేత్తో సాగదీసి పట్టుకుని తీయాలి. మూతి మీసాలను మాత్రం ముట్టుకోకు, గుర్రానికి అవి స్పర్శ తెలిపే వెంట్రుకలు. వాటిని తీసిన గుర్రాలను అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2021 జూలై 1 నుంచి పోటీలకు అనుమతించడం లేదు.

సానకు పంపేటప్పుడు పై బ్లేడునూ కింది బ్లేడునూ ఒకే జతగా కట్టి పంపు, ఒక జతలోది ఇంకొక జతలో కలిస్తే రెండూ సరిగా కోయవు. బ్లేడ్లను బిగించే మరను ఎంత తిప్పాలన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి దానితో వచ్చే పుస్తకం చదివి చెయ్యి. నువ్వు కొన్నాక ఒక ఆదివారం నేనే వచ్చి దగ్గరుండి చూపిస్తాను. ఈలోగా రోజూ దాణా పెట్టే వేళ కొంచెం దూరంలో యంత్రాన్ని ఆన్ చేసి, గుర్రాన్ని ఆ చప్పుడుకు అలవాటు చెయ్యి.

నీ పెద్దనాన్న