మెట్లున్నాయని మా పాపను స్టేజీ ఎక్కనివ్వరా?

ప్రశ్న: మాది కోవూరు. మా అమ్మాయి ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూల్లో పదో తరగతి చదువుతోంది. సెరిబ్రల్ పాల్సీ వల్ల చక్రాల కుర్చీ వాడుతుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. నెలాఖరులో ఫేర్‌వెల్. అందరినీ పేరు పేరునా స్టేజీ మీదికి పిలిచి హాల్‌టికెట్, మెమెంటో ఇస్తారట. మా పాపకు మాత్రం ‘మెట్లున్నాయి కదా, కూర్చున్న చోటికే తెచ్చిస్తాం’ అన్నారు. గ్రూప్ ఫొటో అందరినీ బెంచీలెక్కించి తీసేశారు, అందులో పాప లేదు. తనేమో ఓణీ చక్రంలో పడకుండా అంచు పైకి కుట్టించుకుని ఎదురుచూస్తోంది. గట్టిగా అడిగితే పరీక్షల ముందు గొడవవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, అడగండి. ఆలస్యం చేయకుండా, కాగితం మీద అడగండి.

ముందు మీ భయం సంగతి. పదో తరగతి పరీక్షలు పెట్టేది ప్రభుత్వ పరీక్షల విభాగం. పబ్లిక్ పేపర్లు దిద్దేది మీ స్కూలు కాదు. ఈ కోపంతో హాల్‌టికెట్ ఆపితే అదే రోజు డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) దగ్గరికి వెళ్లండి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లకే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూళ్లకూ అందులోని 16వ సెక్షన్ వర్తిస్తుంది. చదువుతో పాటు ఆటపాటల్లోనూ మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలి, భవనం, ఆవరణ, సౌకర్యాలు ఆ పిల్లలకు అందుబాటులో ఉండాలి అంటుంది. ఫేర్‌వెల్ అనే మాట ఆ సెక్షన్‌లో లేదు నిజమే. కానీ స్కూలే తన ఆవరణలో తన పిల్లలకు జరిపే వేడుకను దీని నుంచి తప్పించడానికి నాకు కారణం కనిపించదు. పైగా అవసరమైన వెసులుబాటు ఇవ్వకపోవడం కూడా వివక్షేనని అదే చట్టం 2వ సెక్షన్ చెబుతోంది. ఈ బాధ్యత ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు వాళ్లకూ ఉందని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోయలేని భారమైతే స్కూలు కాదనొచ్చు. వేడుక జరిపే చోటు కాస్త మార్చుకోవడం ఏ స్కూలుకూ మోయలేని భారం కాదు.

ఇక ఏం అడగాలన్నది ముఖ్యం. ర్యాంపు అడిగితే ముందు స్టేజీ ఎత్తు కొలవండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్క. రెండడుగుల స్టేజీకి ఇరవై నాలుగు అడుగులు కావాలి. ఆ ఉదయం ఎవరో తెచ్చి వేసే చెక్క మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, ఒప్పుకోకండి. చోటు లేదంటే, స్టేజీ ముందు నేల మీదే అతిథులు నిలబడి పిల్లలందరికీ అక్కడే ఇవ్వమనండి. మీ పాప ఒక్కదానికే కాదు, అందరికీ. నాకు ఇదే మేలనిపిస్తుంది. ఒక స్కూల్ డేలో కూర్చున్న చోటికే బహుమతి తెచ్చిచ్చిన అబ్బాయిని చూశాను. చప్పట్లు బాగానే కొట్టారు. వాడు మాత్రం తల ఎత్తలేదు. ఆ ఫొటో కూడా మళ్లీ తీయించమనండి, బెంచీలు లేకుండా, పాప స్నేహితుల మధ్యలో ఉండేలా.

ఉత్తరం రెండు కాపీలు రాసి, ఒకదాని మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. రెండు మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఎంఈవోకు (మండల విద్యాశాఖాధికారికి), డీఈవోకు ఇవ్వండి. సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. ఆ పైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు, విచారణలో సాక్షులను పిలిపించే అధికారం ఉంది. లాయరు ఖర్చు గురించి దిగులు వద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మీ ఆదాయం చూడకుండా పాప తరఫున ఉచితంగా లాయర్ని పెడుతుంది, 15100కి ఫోన్ చేయండి.

దివ్యాంగుల చట్టం 92వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టమని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. ఇలాంటి విషయంలో నలుగురిలో కావాలని అవమానిస్తేనే అది వర్తిస్తుంది. ఇక్కడ నాకు కనిపించేది అలవాటైన నిర్లక్ష్యం, అవమానించాలన్న ఉద్దేశం కాదు. దాన్ని బెదిరింపుగా వాడకండి.

ఇవన్నీ చేసే ముందు పాపను కూర్చోబెట్టుకుని అడగండి. కుర్చీతో సహా నలుగురు ఎత్తి స్టేజీ మీద పెడితే తనకు ఇష్టమేనా? కింద అందరితో పాటు తీసుకుంటుందా? తన విషయంలో తన మాట చెప్పుకునే హక్కు 4వ సెక్షన్‌లో ఉంది. తను ఏది కోరితే ఉత్తరంలో అదే రాయండి, మీ సంతకం పక్కన తన సంతకమూ పెట్టించండి.