ప్రచురణకర్తను తిట్టేముందు లెక్క చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్‌నీ ఆమె కాలపు రచయిత్రులనీ లండన్ ప్రచురణకర్తలు దోచుకుతిన్నారని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. ఆ పేరా పక్కన పెట్టు. ఒక్కో పుస్తకం దగ్గర ఆగి, అది అమ్ముడుపోకపోతే కాగితం డబ్బు ఎవరి నెత్తిన పడేదో ముందు తేల్చుకో. మిగతాదంతా దాని తర్వాతే.

అప్పటి బేరాలు స్థూలంగా నాలుగు రకాలు. కాపీరైటు ఏకమొత్తానికి అమ్మేయడం ఒకటి. రెండోది కమిషన్ పద్ధతి: ఖర్చూ నష్టమూ రచయిత్రివి, ప్రచురణకర్త అచ్చు వేయించి, ప్రకటనలిచ్చి, అమ్మిపెట్టి నూటికి పది తీసుకుంటాడు. మన దగ్గర సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుని 'ప్రతులకు' అని దుకాణం పేరు పెట్టుకోవడం లాంటిదే. మూడోది ముందస్తు చందాలు, అంటే పుస్తకం రాకముందే పాఠకుల దగ్గర డబ్బు కట్టించుకోవడం. నాలుగోది లాభంలో వాటా: 1818లో లాకింగ్టన్ సంస్థ 'ఫ్రాంకెన్‌స్టైన్' 500 ప్రతులు వేసినప్పుడు మేరీ షెల్లీకి కుదిరింది మూడోవంతు.

ఏ రకం బేరమో తెలుసుకోవడానికి నువ్వు ముఖపత్రాన్ని, అంటే పుస్తకం పేరూ ప్రచురణకర్త పేరూ ఉండే మొదటి పేజీని, నమ్ముకున్నావు. అక్కడే బోల్తా పడ్డావు. ఆస్టెన్ నవలలే తీసుకో. 1811 నాటి 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మీద 'రచయిత కోసం అచ్చయినది' అని ఉంటుంది, అది నిజమే, కమిషన్ బేరం. కానీ 1814 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' మీద 'ఎజర్టన్ కోసం' అనీ, 'ఎమ్మా' మీద 'జాన్ మర్రే కోసం' అనీ ప్రచురణకర్తల పేర్లు ఉన్నా, ఆ రెండూ కూడా కమిషన్ మీద వేసినవే. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఒక్కటే ఎజర్టన్ నిజంగా కొనుక్కున్నది. నాలుగింటిలో రెండింటికి ముఖపత్రం తప్పుదారి పట్టించిందంటే ఇంకేం చెప్పాలి? ఉత్తరాలు, లెడ్జర్లు చూడందే బేరం సంగతి రాయకు. తేదీలతోనూ ఇదే చిక్కు. 'ఎమ్మా' బజారులోకి వచ్చింది 1815 డిసెంబర్‌లో, దాని మీద వేసింది 1816. ఏడాది చివర్లో వచ్చిన పుస్తకం పాతబడినట్టు కనిపించకుండా అలా వేసేవారు.

ఇక కాగితం లెక్క. మూడు సంపుటాల నవల 750 ప్రతులకు 84 రీములని రాశావు. మన డెమీ సైజు పుస్తకానికి ఫారం, అంటే ఒక షీటు, 16 పేజీలు కాబట్టి అలా వేసినట్టున్నావు. ఆ నవలలు డ్యుయోడెసిమో సైజువి, ఒక షీటుకు 12 ఆకులు, అంటే 24 పేజీలు. సంపుటానికి 300 పేజీల చొప్పున మూడు సంపుటాలంటే 900 పేజీలు, ముప్పై ఏడున్నర షీట్లు. 750 ప్రతులకు 28,125 షీట్లు. 500 షీట్ల రీము లెక్కన, తరుగు కలపకుండా, 56 రీముల పైచిలుకు. నువ్వు దానికి ఒకటిన్నర రెట్లు చూపించావు. అప్పట్లో కాగితం మీద పన్ను కూడా ఉండేది, ఖర్చులో పెద్ద పద్దు కాగితమే. అందుకే అన్ని తక్కువ ప్రతులు వేసేవారు.

రాబడి దగ్గర ఇంకో పొరపాటు చేశావు. ప్రతి ధరను అమ్ముడైన ప్రతులతో గుణించేశావు. 'ఎమ్మా' ధర 21 షిల్లింగులు, వేసినవి 2000, మొదటి పది నెలల్లో పోయినవి 1248. కానీ 21 షిల్లింగులు పాఠకుడిచ్చే ధర. దుకాణదారులకు ప్రచురణకర్త టోకున ఇచ్చేది అంతకన్నా తక్కువకు.

నువ్వు మర్రేని దుర్మార్గుడిగా చూపించిన చోట ఈ తీసివేత చేసి చూడు. 'ఎమ్మా' మీద లాభం 221 పౌండ్ల 6 షిల్లింగుల 4 పెన్సులు. అదే సమయంలో ఆయన వేసిన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' రెండో ముద్రణ, 750 ప్రతులది, నష్టం 182 పౌండ్ల 8 షిల్లింగుల 3 పెన్సులు. అదీ కమిషన్ మీదే గనుక ఆ నష్టాన్ని 'ఎమ్మా' లాభంలోంచి మినహాయించాడు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్సులు. పెన్సుల్లో 1 మిగులుతుంది. షిల్లింగుల్లో 6 లోంచి 8 పోదు, ఒక పౌండు అప్పు తెస్తే 26 లోంచి 8 పోను 18. పౌండ్లలో 220 లోంచి 182 పోను 38. ఆమె బతికుండగా 'ఎమ్మా' మీద చేతికందింది ఆ 38 పౌండ్ల 18 షిల్లింగుల 1 పెన్నీయే. అన్యాయంగా కనిపిస్తుంది, నిజమే. కానీ అంతకుముందే మర్రే 'ఎమ్మా'తో పాటు మరో రెండు నవలల కాపీరైటుకు 450 పౌండ్లు ఇస్తానన్నాడు. ఆమె కాదని సొంత పూచీ మీద వేయించుకుంది. దీన్ని దోపిడీ అనడానికి నాకు నోరు రాదు.

కోపం చూపించాలంటే క్రాస్బీ అనే ప్రచురణకర్త మీద చూపించు. 1803లో 10 పౌండ్లకు ఆస్టెన్ నవల 'సూసన్' రాతప్రతిని కొని, ప్రకటన కూడా ఇచ్చి, వేయకుండా అటక మీద పడేశాడు. 1809లో ఆమె మారుపేరుతో నిలదీస్తే, ఫలానా గడువులో వేస్తామని ఒప్పుకోలేదనీ, అదే 10 పౌండ్లిస్తే రాతప్రతి తిరిగిస్తామనీ జవాబొచ్చింది. 1816లో గానీ ఆ ప్రతి వెనక్కి రాలేదు. అదే తర్వాత 'నార్తాంగర్ అబ్బే'గా వచ్చిన నవల. ఏ ఒప్పందం నీ చేతికొచ్చినా గడువు షరతు ఉందా లేదా అని మొదట వెతుకు.

ఇచ్చిన సొమ్ముల్ని రూపాయల్లోకి మార్చే పని పెట్టుకోకు, ఆ అంకెకు అర్థం ఉండదు. ఆ కాలపు సొమ్ముతోనే పోల్చు. 'ఎవెలినా'కు ఫ్రాన్సిస్ బర్నీకి 1778లో వచ్చింది 20 గినీలు, అంటే 21 పౌండ్లు. ఆన్ రాడ్‌క్లిఫ్‌కు ఒక నవలకు 1794లో 500 పౌండ్లు, మరోదానికి 1797లో 800 పౌండ్లు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'కు 150 పౌండ్లు అడిగి 110కి ఒప్పుకున్న ఆస్టెన్‌కు ముట్టినది, బర్నీకి రాణిగారిచ్చిన 100 పౌండ్ల వార్షిక పింఛను కంటే కాస్త ఎక్కువ.

చందాల మీద నువ్వు రాసింది చాలదు. 1796లో బర్నీ 'కమిల్లా'కు గినీ చొప్పున చందాలు కట్టించుకుంది. ఆ జాబితాలో 'మిస్ జె. ఆస్టెన్, స్టీవెంటన్' అన్న పేరుంది, తప్పకుండా చూడు. చందా డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్నది అసలు గొడవ. బ్రిస్టల్‌లో పాలమ్ముకునే ఆన్ ఇయర్స్‌లీ కవితలకు 1785లో రచయిత్రి హన్నా మోర్ పూనుకుని చందాలు పోగుచేసింది. తీరా ఆ సొమ్మును ట్రస్టులో పెట్టి, ఇయర్స్‌లీకి దాని మీద అధికారం లేకుండా చేసింది. ఇద్దరికీ చెడింది అక్కడే.

పెళ్లయిన రచయిత్రి అయితే ఇంకో కాలమ్ గీసుకో. అప్పటి ఇంగ్లండు చట్టంలో భార్య సంపాదన భర్తది. షార్లెట్ స్మిత్ 1787లో భర్త నుంచి విడిపోయి, పిల్లల్ని నవలలు రాసి పోషించింది. అయినా ఆ డబ్బు మీద చట్టం ఆయనకిచ్చిన హక్కు పోలేదు. ఆస్టెన్ అవివాహిత, సొంతంగా సంతకం పెట్టగలదు. అన్న హెన్రీ బేరాలాడాడు గనుక ఆమెకు అధికారం లేదనుకోకు.

మర్రే లెడ్జర్లు ఎడిన్‌బరోలో స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి, లాంగ్‌మన్ అనే మరో ప్రచురణ సంస్థవి రెడింగ్ విశ్వవిద్యాలయంలో. అక్కడిదాకా వెళ్లే పని లేకుండా ముందు కార్డిఫ్ విశ్వవిద్యాలయం 1800–1829 నవలలకు తయారుచేసిన డేటాబేస్ చూడు. ఏ నవల, ఎవరు వేశారు, ధరెంత అన్నవి చాలావరకు దొరుకుతాయి.

ఒక సంగతి మరిచాను. 1832లో బెంట్లీ అనే ప్రచురణకర్త ఆస్టెన్ నవలలు మళ్లీ వేసేటప్పుడు ఐదు నవలల హక్కులకు ఆమె అక్క కసాండ్రాకు 210 పౌండ్లిచ్చాడు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'కు మాత్రం 40 పౌండ్లు ఎజర్టన్ పోయాక ఆయన ఆస్తి చూసేవారికి వెళ్లాయి. అది మూడో పేజీలో చేర్చు. కాగితం లెక్క సరిచేసి పంపు, చూస్తాను.

పెద్దమ్మ