మీటర్‌లో 12.7, మోటారు మాత్రం మొరాయింపు

ప్రశ్న: పులికాట్‌లో తిరిగే మా చిన్న పడవకి 12 వోల్టుల కరెంటు మోటారు పెట్టాం. మీటర్ 12.7 చూపిస్తుంది, స్పీడ్ పెంచగానే ఆగిపోతుంది. బ్యాటరీ మార్చాలా?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా

జవాబు: అప్పుడే డబ్బు తగలేయకండి. మోటారు ఆగి ఉన్నప్పుడు 12.7 రావడం గొప్పేం కాదు, నీళ్లలో స్పీడ్ పెంచుతుండగా ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత మోటారు వైరు కలిసే చోట కొలవండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి మోటారు దగ్గర 10కి పడితే తప్పు మధ్యలోని వైర్లలోనో జాయింట్లలోనో ఉన్నట్టే. పులికాట్ ఉప్పునీళ్లు కదా, టెర్మినల్ (బ్యాటరీకి వైరు బిగించే చోటు) విప్పితే పచ్చటి చిలుము కనిపిస్తుంది; ముందు మైనస్ వైరు తీసి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాసలీన్ పూయండి. కాసేపు నడిపాక వేడెక్కిన జాయింటే దొంగ. బ్యాటరీ దగ్గరే పడిపోతే మాత్రం దాని పని అయిపోయినట్టే. అన్నట్టు, రెక్కలకి తెగిన వల చుట్టుకుందేమో కూడా చూడండి, వైరు పీకేశాకే సుమా!